టీ వేళ ఎగిరిన విమానం

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయడమేమంటే, 1910 ఆగస్టు 18, 19, 20 తేదీలలో స్కెల్బీ పట్టణం మీది ఆకాశం పురపాలక సంఘం వారి స్వాధీనంలో ఉంటుంది. ఆ మూడు రోజులూ టిక్కెట్టు లేనివారు పైకి చూడరాదు.

పై ప్రకటన రాసింది నేనే. స్కెల్బీ పురపాలక సంఘంలో ఉపకార్యదర్శిగా పందొమ్మిదేళ్ళుగా ఇలాంటివి రాస్తూనే ఉన్నాను. రెండో వాక్యం మీద సభలో గంటన్నర చర్చ జరిగింది. "చూడరాదు" అంటే మరీ కటువుగా ఉంది, "చూడవద్దని ప్రార్థన" అని మార్చుదామని కొందరు సభ్యులు అన్నారు. మేయర్ జేబెజ్ క్రౌథర్ గారు ఒప్పుకోలేదు. ప్రార్థనలకు ఆదివారం ఉందనీ, మన కార్యక్రమం గురువారమే మొదలవుతుందనీ ఆయన సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టి ఆమోదించింది.

మా ఊరికి విమానం ఎందుకు కావలసి వచ్చిందంటే, హాల్‌స్టన్ అనే ఊరు ఒకటి ఉండబట్టి. అది మాకు ఉత్తరాన తొమ్మిది మైళ్ళ దూరంలో, ఇదే ఇంగ్లండు తూర్పు తీరంలో ఉంది. అదే సముద్రం, అదే ఇసుక, అదే చలి, అవే రొయ్యలు. అయినా ఆ ఊరికీ మాకూ పోలికే లేదు. వాళ్ళు సముద్రంలోకి చెక్క వంతెన కడితే మేము అంతకంటే నలభై గజాలు పొడుగు కట్టాం. వాళ్ళు తమ వంతెనకు ఇంకో అరవై గజాలు అతికించారు. మేము ఎనభై అతికించాం. ఇట్లా రెండు ఊళ్ళూ సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న డెన్మార్కు వైపు చాలా దూరం వెళ్ళాక నీళ్ళు మరీ లోతై ఆగిపోవలసి వచ్చింది. ముందుకు దారి లేదు గనుక ఇక పైకి పోవడమే మిగిలిందని మేయర్ గారు తేల్చారు.

పైకి పోవడానికి గాలి అడ్డమన్న సంగతి మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. గంటకు పన్నెండు మైళ్ళకు మించి గాలి వీస్తే ఈ విమానాలు నిలవవట. మా రైలు స్టేషనులోనేమో ముప్ఫై ఏళ్ళుగా ఒక పెద్ద బోర్డు ఉంది. "స్కెల్బీకి రండి. ఈ తీరంలోకెల్లా బలమైన గాలి మాదే. టోపీ మీరు పట్టుకోండి, ఆరోగ్యం అదే వస్తుంది" అని. దాన్ని తీసేస్తే గాలి కోసం వచ్చే రోగులు హాల్‌స్టన్ పోతారు. అందుకని దాని పక్కనే మరో బోర్డు పెట్టాం. "స్కెల్బీకి రండి. ఆకు కదలని ఆకాశం. విమానాలకు ఇంతకంటే అనువైన చోటు లేదు." రైలు దిగినవాళ్ళందరూ రెండూ చదివారు, రెండింటికీ తలూపారు, సామాను తీసుకుని బయటికి నడిచారు.

తరవాతి సమస్య తెర. టిక్కెట్టు కొన్నవాడు కుర్చీలో కూర్చుని చూసేదాన్ని కొననివాడు గోడ మీద కూర్చుని చూస్తే సంఘానికి అప్రతిష్ఠ. కాబట్టి తీరం పొడుగునా తొమ్మిదడుగుల కేన్వాసు తెర కట్టించాం. "మరి విమానం తొమ్మిదడుగులు దాటి పైకి పోతే ఎట్లా?" అని ఒక సభ్యుడు అడిగాడు. అలా పోవాలంటే సంఘం అనుమతి తీసుకోవాలని మేయర్ గారు జవాబిచ్చారు. ఆ సభ్యుడు తృప్తిపడి కూర్చున్నాడు.

ఏర్పాట్ల కమిటీలో మాంసం కొట్టాయన, బ్యాండు మేళం నాయకుడు, ఇద్దరు హోటలు యజమానులు ఉన్నారు. శవపేటికలు చేసే పెద్దమనిషి అడక్కుండానే వచ్చి చేరాడు. ఆయన ఉత్సాహాన్ని సంఘం మినిట్సు పుస్తకంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాం. టిక్కెట్ల గదిలో కూర్చున్న రెండు రోజుల్లో నన్ను "ఎగిరేది ఎటునుంచి?" అని అడిగినవాళ్ళు పదిమంది ఉంటారు. "పడితే ఎటువైపు పడొచ్చు?" అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళను లెక్కపెట్టలేదు. ఒక పెద్దావిడ, నలుగురు పిల్లలతో వచ్చింది, "మాకు దూరం కనపడదు బాబూ, పడేచోటికి దగ్గరగా ఇయ్యి" అంది. ఆ వరసలో కుర్చీల ధర కొంచెం పెంచాం, అయినా ముందుగా అవే అయిపోయాయి.

ఇక వైమానికుడి సంగతి. పెర్సీ డాడ్ ఇరవై నాలుగేళ్ళవాడు, సైకిళ్ళు బాగుచేసే కొట్టునుంచి విమానాల్లోకి వచ్చాడు. తన విమానాన్ని నాలుగు పెట్టెల్లో సర్దుకుని రైల్లో దిగాడు. చేపల వేలం షెడ్డులో రెండు రోజులు కూర్చుని వెదురు, తీగ, గుడ్డ అన్నీ కలిపి బిగించాడు. బిగించాక కూడా అది విమానంలా కనపడలేదు, పందిరి ఊడిపోయినట్టు కనపడింది. మేయర్ గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదేనా?" అని అడిగారు. "ఇదేనండి" అన్నాడు డాడ్.

ఒప్పందంలో డాడ్ ఒక షరతు పెట్టుకున్నాడు. వంతెన చివర తెల్లజెండా ఎగిరితే అతను తప్పనిసరిగా ఎగరాలి. నల్లజెండా ఉంటే ఎగరకూడదు. ఏ జెండా కట్టాలో ఊరి వాతావరణ పరిశీలకుడు నిర్ణయించాలి. మా సంఘం ఆ కాగితాన్ని చదవకుండా సంతకం చేసింది. కాగితాలు చదవడం మొదలుపెడితే ఊరు ముందుకు పోదని మేయర్ గారి అభిప్రాయం.

ఆ పరిశీలకుడు ఒబడయా ట్రాంటర్. రిటైరైన బడిపంతులు, అరవై మూడేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా వంతెన చివర చెక్క గుడిసెలో కూర్చుని, గాలికి తిరిగే నాలుగు గిన్నెల యంత్రాన్ని చూసి గాలినీ, ఎండకు కాగితం కాలే గాజు గోళాన్ని చూసి ఎండనీ కొలిచి, రోజూ లండను పత్రికలకు తంతి పంపుతాడు. ఏ ఊళ్ళో ఎన్ని గంటలు ఎండ కాసిందో చదివి జనం సెలవులకు ఊరు ఎంచుకుంటారు. హాల్‌స్టన్ అంకె ఎప్పుడూ మాకంటే అరగంట ఎక్కువే. ఒకసారి మేయర్ గారు ట్రాంటర్ని పిలిచి బుజ్జగించారు కూడా. "ఏవయ్యా, సూర్యుడు మబ్బు వెనకాలైనా ఉన్నాడు కదా. ఉన్నట్టే రాసెయ్." "ఉన్నాడండీ. కనపడలేదు" అన్నాడు ట్రాంటర్. ఇలాంటివాడు మా ఊరికి దాపురించడం మా ఖర్మ అని అప్పట్లో అందరమూ అనుకున్నాం. నేను మాత్రం అతని దగ్గరే చదువుకున్నాను గనుక పైకి అనలేదు.

గురువారం పదకొండు వేలమంది వచ్చారు. గాలి గంటకు ఇరవై ఎనిమిది మైళ్ళు. నల్లజెండా. జనానికి ఏదో ఒకటి జరుగుతున్నట్టు ఉండాలని, గంటకోసారి ఇంజను నడిపి చప్పుడు చెయ్యమని మేయర్ గారు డాడ్‌ని ఆదేశించారు. మొదటిసారి ఇంజను మోగినప్పుడు పదకొండు వేలమంది లేచి నిలబడ్డారు. నాలుగోసారి మోగేసరికి పిల్లలు కూడా తల తిప్పలేదు. శుక్రవారం గాలి ముప్ఫై ఒకటి. నల్లజెండా. ఇంజను ఏడుసార్లు మోగింది.

శుక్రవారం సాయంత్రం అత్యవసర సమావేశం జరిగి ఈ కింది తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. స్కెల్బీలో ప్రస్తుతం వీస్తున్నది గాలి కాదనీ, పిల్లగాలి అనీ, దాని వేగం పన్నెండు మైళ్ళకు మించదనీ సంఘం భావిస్తున్నది. ఓటింగు జరుగుతుండగానే కిటికీ తలుపు ఊడి కోశాధికారి మీద పడింది. ఆయన నుదురు పట్టుకునే చెయ్యెత్తారు.

ఆ తీర్మానం తీసుకుని మేయర్ గారూ నేనూ వంతెన మీద నడుచుకుంటూ వెళ్ళాం. మేయర్ గారు ఒక చేత్తో టోపీనీ రెండో చేత్తో మెళ్ళో బంగారు గొలుసునీ పట్టుకున్నారు. నేను తీర్మానాన్ని పట్టుకున్నాను.

"చూడు ట్రాంటర్, సంఘం తీర్మానించింది. రేప్పొద్దున తెల్లజెండా కట్టు."

"గాలి ముప్ఫై ఉందండీ."

"ఉంటే? కుర్రాడు ఎగురుతానంటున్నాడు. జనం చూస్తామంటున్నారు. మధ్యన నీకేం నొప్పి?"

"ముప్ఫైలో ఎగిరితే చచ్చిపోతాడండీ."

"అంత ఖచ్చితంగా ఎలా చెప్తావు? బతికినా బతకొచ్చుగా. జనానికి మాటిచ్చాం మనం."

"ఏమని ఇచ్చారండీ?"

మేయర్ గారు శనివారం సాయంత్రం ఆరు గంటలలోపు విమానం ఎగరకపోతే ట్రాంటర్ ఉద్యోగం ఊడుతుందనీ, గుడిసె రొయ్యలమ్ముకునేవాళ్ళకు అద్దెకిస్తామనీ చెప్పేసి వెనక్కి తిరిగారు. ట్రాంటర్ గిన్నెల వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళ పాటు పొద్దున్నే వాటిని తుడిచి నూనె వేసినవాడు. ఆ గుడిసె తప్ప అతనికి ఇంకో లోకం లేదని ఊరందరికీ తెలుసు. అయినా నోటీసు రాయవలసింది నేనే కాబట్టి వెళ్ళి రాశాను.

శనివారం పొద్దున ఆ నోటీసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గుడిసెలో డాడ్ కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ముందురోజు టీ వేళ భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీలో ఎవరో ఒక గాలిపటం పెట్టారట. దానికి "ఇది ఎగురుతుంది" అని చీటీ కట్టారట.

"మాస్టారూ, ఆ తెల్లది కట్టేయండి. పడితే పడతాను. ఈ నవ్వులు మాత్రం పడలేను."

"నీ బరువెంత నాయనా?"

"నూట ముప్ఫై పౌన్లుంటానండి."

"నీ బండి?"

"ఆరు వందలు. అందులో సగం ఇంజనే."

"ఆ గిన్నెలు చూశావా? గుర్రాన్ని తోసేసే గాలి అది. అవి అట్లా తిరుగుతున్నంతసేపూ ఈ జెండా ఇట్లాగే ఉంటుంది. నవ్వుతున్నారంటావా, నవ్వనీ. వాళ్ళు నవ్వితే నీ ఎముకలేం విరగవు."

"మరి మీ ఉద్యోగం?"

"అది నా సంగతి. నువ్వు పోయి ఏమైనా తిను."

తినడానికి వీల్లేదని డాడ్ చెప్పాడు. టిఫిను వేళ దాటిపోయిందట. ఇక్కడ మా ఊరి పూటకూళ్ళ ఇళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. అలాంటివి రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. అన్నింటికీ ఒకే రాజ్యాంగం. ఎనిమిదికి టిఫిను. పదికల్లా వాన కురిసినా వడగళ్ళు పడినా అందరూ బయటికి పోవాలి. ఒంటిగంటకు భోజనం. ఐదుంపావుకి టీ, దానితో చల్లని పందిమాంసం, రొట్టె, రొయ్యలు. గంట కొట్టాక ఐదు నిమిషాలకు తలుపు మూస్తారు. మూసిన తలుపు ఇంగ్లండు రాజుగారు వచ్చినా తెరవరు. ఉప్పూ మిరియాల సీసాలు వాడుకున్నందుకు విడిగా అద్దె తీసుకుంటారు. డాడ్ బస చేసింది మిసెస్ యాపిల్‌గార్త్ గారి "సాగర వీక్షణం"లో. స్నానాలగది కిటికీలోంచి తల బయటపెట్టి కుడివైపు మెడ తిప్పగలిగినవారికి అక్కడినుంచి సముద్రం కూడా కనపడుతుంది.

శనివారం మధ్యాహ్నమంతా గాలి ఇరవై ఆరు దగ్గరే నిలబడింది. ఇంజను తొమ్మిదిసార్లు మోగింది. బ్యాండు మేళం తనకొచ్చిన పాటలన్నీ మూడేసిసార్లు వాయించింది. నాలుగున్నరకు మేయర్ గారు వేదికెక్కి ప్రసంగించారు. "మహాజనులారా, మానవుడు పక్షి కావాలని కలలు గన్నాడు. ఆ కల నెరవేరే ఘట్టానికి స్కెల్బీ తప్ప మరో వేదిక లేదు. హాల్‌స్టన్ గురించి నేను ఒక్కమాట కూడా అనను" అంటూ ఇరవై నిమిషాలపాటు హాల్‌స్టన్ గురించి మాట్లాడారు. గాలికి సగం మాటలు హాల్‌స్టన్ వైపే కొట్టుకుపోయాయి.

ఐదు గంటల ఐదు నిమిషాలకు ఒక్కరోజు ప్రయాణికుల రైలు బయల్దేరుతుంది. వాళ్ళు ఐదు కొట్టేసరికే పరుగు తీశారు. ఐదుంపావుకి రెండు వందల పద్నాలుగు ఇళ్ళ గుమ్మాల్లో గంటలు మోగాయి. మూడు రోజులుగా ఆకాశం కేసి చూస్తున్న జనం ఒక్కసారిగా లేచారు. కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళు, బ్యాండువాళ్ళు, పోలీసులు, గాడిద సవారీలు నడిపేవాడు, అందరూ వెళ్ళిపోయారు. కమిటీ సభ్యులతో మేయర్ గారు గ్రాండ్ హోటలుకు నడిచారు. ఐదు ఇరవైకి స్కెల్బీ తీరంలో మిగిలింది పదకొండు వేల కుర్చీలు, తొమ్మిదడుగుల తెర, కట్టేసిన ఏడు గాడిదలు, విమానం పక్కన పెర్సీ డాడ్, వంతెన చివర ట్రాంటర్.

అప్పుడు గాలి పడిపోయింది.

మా తీరంలో ఆటుపోటు మారేటప్పుడు అప్పుడప్పుడు అట్లా జరుగుతుంది. తిరుగుతున్న గిన్నెలు మెల్లబడ్డాయి, తరవాత విడివిడిగా కనపడ్డాయి, చివరికి సోమరిగా ఊగుతూ నిలిచాయి. ట్రాంటర్ గడియారం తీసి రెండు నిమిషాలు వేచి చూశాడు. తొమ్మిది మైళ్ళు. తరవాత ఏడు. నల్లజెండా దించి తెల్లజెండా ఎక్కించాడు. డాడ్ జెండాను చూశాడు, ఖాళీ కుర్చీలను చూశాడు, మళ్ళీ జెండాను చూశాడు. ఒప్పందం ఒప్పందమే గనుక ఇంజను తిప్పి ఎక్కి కూర్చున్నాడు.

విమానం తడి ఇసుక మీద నూట యాభై గజాలు పరిగెత్తింది. చక్రాలు రెండుసార్లు ఎగిరి మళ్ళీ నేలను తాకాయి. మూడోసారి తాకలేదు. నలభై అడుగుల ఎత్తున, అంటే మా ఊరి ఇళ్ళ పొగగొట్టాలంత ఎత్తున, గాడిదల స్థలం నుంచి వంతెన దాకా వచ్చింది. గుడిసె పక్కనుంచి తిరుగుతుంటే ట్రాంటర్‌కి డాడ్ పళ్ళు కనపడ్డాయి. నవ్వుతున్నాడు. చిన్నపిల్లాడు మొదటిసారి సైకిలు తొక్కినప్పటి నవ్వు అది. ట్రాంటర్ టోపీ తీసి ఊపాడు. ఊపుతున్నానని అతనికి తెలియలేదట. నాలుగు నిమిషాల తరవాత విమానం మళ్ళీ గాడిదల దగ్గరే దిగింది. ఎడమ చక్రం కొంచెం వంగింది. ఒక గాడిద ఓండ్ర పెట్టింది.

ఇంజను చప్పుడు ఊళ్ళో వినపడలేదా అంటే, అందరికీ వినపడింది. "మళ్ళీ మొదలెట్టాడు" అన్నారు, రొట్టెకు వెన్న రాసుకున్నారు.

డాడ్ దిగి, ఎవరికీ చెప్పుకోలేక, పరుగున బసకు వచ్చాడు. ఐదూ ముప్ఫై ఐదు. భోజనాల గది తలుపు మూసి ఉంది. మిసెస్ యాపిల్‌గార్త్ గడపలో నిలబడింది.

"ఎగిరానమ్మా. ఇప్పుడే ఎగిరాను."

"ఐదుంపావుకి గంట కొట్టాను."

"ఇంతవరకు ఆకాశంలో ఉన్నానమ్మా."

"ఆకాశంలో ఉన్నావో పాతాళంలో ఉన్నావో నాకెందుకు బాబూ. టీ అయిపోయింది. ఆ బూట్ల ఇసుక బయట దులుపుకో."

ఆరింటికి జనం తిని తేన్చుకుంటూ తిరిగొచ్చేసరికి గాలి ఇరవై ఆరుకు ఎక్కింది, నల్లజెండా ఎగురుతోంది. డబ్బు వాపసివ్వమని కేకలు మొదలయ్యాయి. మేయర్ గారు నేరుగా వంతెన చివరికి వచ్చారు.

"ఆరైంది ట్రాంటర్."

"ఎగిరాడండీ. ఐదూ ఇరవై ఆరు నుంచి ముప్ఫై దాకా."

"ఎవరు చూశారు?"

"నేను చూశానండీ."

"నువ్వొక్కడివి చూస్తే అది ఎగిరినట్టా? నీ దగ్గర టిక్కెట్టుందా?"

లేదు. ఉద్యోగి గనుక అతనికి టిక్కెట్టు ఇవ్వలేదు. టిక్కెట్టు లేనివారు పైకి చూడరాదన్న మా ప్రకటన ప్రకారం అతను చూసింది చెల్లదు. విమానం ఎగరలేదని సంఘం తీర్మానించింది. ట్రాంటర్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "గిన్నెలకి రోజూ పొద్దున నూనె వెయ్యాలి. రొయ్యలవాళ్ళకి చెప్పు" అన్నాడు. నేను తలదించుకుని సరేనన్నాను. డాడ్ తన విమానాన్ని నాలుగు పెట్టెల్లో సర్దుకుని ఆదివారం పొద్దున రైలెక్కాడు. ఇక ఈ కథ ఇక్కడితో ముగిసేదే, హాల్‌స్టన్ ఊరుకుని ఉంటే.

సోమవారం పొద్దున మా రైలు స్టేషనులోనే, మా రెండు బోర్డుల మధ్యనే, ఒక పోస్టరు వెలిసింది. "ఈ తీరంలో మొట్టమొదటి విమానయానం. వచ్చే శనివారం, హాల్‌స్టన్‌లో. వైమానికుడు పెర్సీ డాడ్."

పదకొండు గంటలకు సంఘం సమావేశమైంది. పదకొండూ పది కల్లా శనివారంనాడు విమానం ఎగిరిందని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎగరలేదన్న కారణంతో ఊడిన ఉద్యోగం ఎగిరినందువల్ల తిరిగి రావలసిందే గనుక, ట్రాంటర్‌ను సగౌరవంగా మళ్ళీ నియమించింది. మధ్యాహ్నానికి మేయర్ గారు నన్ను వెంటబెట్టుకుని స్వయంగా అతని ఇంటికి వెళ్ళారు. కుర్చీ చూపించకముందే కూర్చున్నారు.

"ట్రాంటర్ గారూ, మీరు మా ఊరికి కళ్ళు. ఇదిగో తాళంచెవి. మీరు చూసిందేదో చెప్పండి, మా వాడు రాసుకుంటాడు."

ట్రాంటర్ చెప్పాడు. నాలుగు నిమిషాలు. నలభై అడుగులు. గాడిదల నుంచి వంతెన దాకా, మళ్ళీ గాడిదల దాకా. ఎడమ చక్రం వంగింది.

మేయర్ గారు కాగితం కేసి చూశారు. "నలభయ్యేనా? మరీ చప్పగా ఉందండీ. నాలుగొందలు అందామా?"

"మీరనండి. అతను నలభైలోనే ఎగిరాడు."

"పోనీ లైట్‌హౌసు చుట్టూ ఒక్కసారైనా తిరిగినట్టు..."

"తిరగలేదండీ."

"వెనకాలనుంచి తిరిగుంటే మీకు కనపడకపోవచ్చుగా?"

మేయర్ గారు తాళంచెవి బల్ల మీద వదిలి లేచారు. ఇతని మీద ఆధారపడితే హాల్‌స్టన్ ముందు పరువు దక్కదని దారిలో నాతో అన్నారు. ఆ సాయంత్రమే ప్రకటన వేశాం. శనివారం విమానాన్ని కళ్ళారా చూసినవారు పురపాలక కార్యాలయానికి వచ్చి సాక్షుల రిజిస్టరులో సంతకం చేయవలెను. చూడనివారు వేరే రిజిస్టరులో ఆ సంగతి రాసి సంతకం చేసి, టిక్కెట్టు డబ్బు వాపసు తీసుకొనవచ్చును.

రెండు రిజిస్టర్లూ ఒకే బల్ల మీద, పక్కపక్కన పెట్టాను. శనివారం డబ్బు కోసం కేకలేసినవాళ్ళే మంగళవారం వరసలో నిలబడ్డారు. రెండో రిజిస్టరు దాకా వచ్చి, ఎవరెవరు చూస్తున్నారో గమనించి, మొదటిదానికి తిరిగారు. ఇంతమందికి కనపడింది తనకు కనపడలేదని చెప్పుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? మొదటి సాక్షి మిసెస్ యాపిల్‌గార్త్. ఆవిడ వంటింటికి కిటికీ లేదు.

"చూడకేం, బాబూ. కెటిల్ దించుతూ చూశాను. మా ఇంటిమీద నుంచే పోయాడు. నాకు చెయ్యూపాడు. తరవాత వచ్చాక వేడివేడిగా టీ పోసి ఇచ్చాను, పిల్లాడు అలిసిపోయాడని."

గురువారానికి సాక్షులు నాలుగువేల నూట పదహారు. ఎత్తు రోజురోజుకూ పెరిగింది. మంగళవారం నాలుగొందల అడుగులు, బుధవారం వెయ్యి, గురువారం పొద్దున వచ్చిన ఒక రిటైర్డు కెప్టెను విమానం మబ్బుల్లోకి పోయి వేరే మబ్బులోంచి రావడం చూశాడు. ఆ రోజు మబ్బుల్లేవని చెప్పగలిగినవాడు ట్రాంటర్ ఒక్కడే, అతన్నెవరూ అడగలేదు. లైట్‌హౌసు చుట్టూ ఒకసారి తిరిగిందన్నవాళ్ళు వెయ్యిమంది, మూడుసార్లన్నవాళ్ళు మూడువేలు. ప్రజాభిప్రాయాన్ని గౌరవించి మూడుసార్లని ఖాయం చేశాం. ఈ వాంగ్మూలాలన్నీ గుదిగుచ్చి అధికారిక వర్ణన నేనే రాశాను. చదివినవాళ్ళకు ఒళ్ళు పులకరించిందని చెప్పారు.

చిక్కల్లా ట్రాంటర్ చెప్పగా నేను రాసుకున్న కాగితంతో వచ్చింది. నాలుగువేల నూట పదహారు మంది చూసినదానికీ ఇతను చూసినదానికీ ఎక్కడా పొత్తు కుదరదు. ఇంతమంది అబద్ధం చెప్పరు గనుక, ఆ సమయంలో ట్రాంటర్ పైకి చూసి ఉండడని సంఘం నిర్ధారణకు వచ్చింది. గిన్నెలను చూడడంలో మునిగిపోయి, పక్కనే జరుగుతున్న మహా ఘట్టాన్ని కూడా పట్టించుకోని అతని విధినిష్ఠను మెచ్చుకుంటూ ఒక యోగ్యతాపత్రం ఇచ్చాం. రెండో రిజిస్టరు ఖాళీగా ఉంటే బాగుండదని అతని పేరు అందులో ఎక్కించాం. ఆ విధంగా, స్కెల్బీలో విమానం ఎగరడం చూడనివాడు అధికారికంగా ఒకే ఒక్కడు.

ట్రాంటర్ ఆ పత్రం చదివి, నవ్వి, గుడిసెలో గాలి వచ్చే కంతకు అడ్డంగా మేకు కొట్టాడు. "సరిగ్గా సరిపోయిందోయ్" అన్నాడు నాతో. అతనికి కావలసింది గిన్నెలూ జెండాలూ. అవి దక్కాయి. జెండాల జోలికి ఇంకెవరూ రాకూడదని ఒక్కమాట రాయించుకున్నాడు, సంఘం చదవకుండా సంతకం చేసింది. డాడ్ ఆ శనివారం హాల్‌స్టన్‌లో ఎనిమిది నిమిషాలు ఎగిరాడు, క్షేమంగా దిగాడు. ఎగిరే ముందు, గాలి ఎట్లా ఉంటుందో ట్రాంటర్‌కి తంతి కొట్టి అడిగాడట. ఇప్పటికీ ఎక్కడ ఎగిరినా ట్రాంటర్‌కి ఒక కార్డు రాస్తాడు. మిసెస్ యాపిల్‌గార్త్ నుంచి అతనికి ఉప్పు సీసా అద్దె గురించి రెండు ఉత్తరాలు వెళ్ళాయి.

ఏటా ఆగస్టు 20న మా ఊళ్ళో విమానదినం జరుపుకుంటాం. తీరంలో కంచు ఫలకం ఉంది. దాని మీద మేయర్ గారి పేరు పెద్ద అక్షరాల్లో, వైమానికుడి పేరు చిన్న అక్షరాల్లో చెక్కించాం. ఉత్సవం మధ్యాహ్నం మూడింటికే మొదలుపెడతాం, ఎవరికీ టీ తప్పిపోకుండా. సాక్షుల సంఖ్య ఏడాదికేడాది పెరుగుతూ ప్రస్తుతం తొమ్మిది వేలు దాటింది. వీరిలో ఆ తరవాత పుట్టినవాళ్ళు కూడా కొందరున్నారు.

రిజిస్టరులో నా నంబరు 212. ఆ నాలుగు నిమిషాలూ నేను గ్రాండ్ హోటల్లో మేయర్ గారి పక్కన కూర్చుని, రెండో ముక్క పందిమాంసానికి ఆవముద్ద రాసుకుంటున్నాను. కిటికీ నా వెనకే ఉంది. చప్పుడు విన్నాను. మెడ తిప్పితే చాలు, కనపడేది. ముక్క చల్లారిపోతుందని కాదు, అది ముందే చల్లగా ఉంది. ఎందుకో తిప్పలేదు. ఆ ఎగరడం గురించి పైన మీకు చెప్పిందంతా ట్రాంటర్ గుడిసెలో కూర్చుని విన్నదే. ఇప్పుడు నాకు ఎంత స్పష్టంగా గుర్తుందంటే, ఆ కుర్రాడి పళ్ళు కూడా కళ్ళముందు మెరుస్తాయి.

మీకూ కనపడ్డాయి కదూ. మొదటి రిజిస్టరు ఇంకా మూయలేదు. కార్యాలయం పదింటి నుంచి నాలుగింటి దాకా తెరిచే ఉంటుంది. పేరూ ఊరూ చెబితే నేనే రాసుకుంటాను. నిజంగా చూశారా అని ఇంతవరకు ఎవరినీ అడగలేదు, మిమ్మల్నీ అడగను.